గోరువెచ్చని సీసా

చుక్కలమ్మ సంచి సర్దుకుంటోంది. దాణా వచ్చిన తెల్ల బస్తాను ఉతికి, అంచులు మడిచి, తన చేత్తో తానే కుట్టుకున్న సంచి అది. ఎన్నిసార్లు ఉతికినా దాని మీది కోడిపుంజు బొమ్మ పూర్తిగా పోలేదు. తోకా, ఒక కాలూ మిగిలాయి. అందులో రెండు జతల బట్టలు పెట్టింది. వాటి మీద దువ్వెన, తువ్వాలు, మోకాళ్ళకు రాసుకునే మందు. మళ్ళీ ఏమనుకుందో అన్నీ బయటికి తీసింది. మందు సీసా కారుతుందేమోనని దానికి పాతగుడ్డ చుట్టి అడుగున పెట్టి, బట్టలు పైన పేర్చింది.

పేపరమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. లోపలికి రావాలో, పెరట్లోకి పోవాలో తెలియక ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసి నిలబడింది. చేతిలో కోళ్ళకు మందు పోసే ఫిల్లర్ ఉంది. దాని కొసనుంచి చక్కెర నీళ్ళు బొట్టు బొట్టుగా గడప మీద పడుతున్నాయి.

అన్నదమ్ములను చేసుకుని ఈ ఇంటికి వచ్చినవాళ్ళు ఇద్దరూ. ఆ అన్నదమ్ములు ఇప్పుడు లేరు. ఇల్లు మిగిలింది, పెరడు మిగిలింది, పెరట్లో ముప్పైరెండు కోళ్ళుండేవి. ఈ పది రోజుల్లో అవి పదకొండుకు దిగాయి. పెద్ద తోటికోడలు బడి గడప తొక్కకుండానే, సరుకులు కట్టిచ్చిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుంది. అందుకని వీధివాళ్ళు ఆమెకు పేపరమ్మ అని పేరు పెట్టారు. చిన్నామెకు అక్షరం ముక్క రాదు. కానీ మూడు నెలలకోసారి మొదటి బస్సెక్కి పశువుల ఆసుపత్రికి పోయి, ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య టీకా సీసా పెట్టుకుని వచ్చి, ఇంటింటికీ తిరిగి కోళ్ళ కళ్ళల్లో చుక్కలు వేసేది ఆవిడే. అందుకని ఆవిడ చుక్కలమ్మ.

"ఆ తువ్వాలు చిరిగిపోయింది కదే. కొత్తది తీసుకో," అంది పేపరమ్మ.

"పాతదే మెత్తగా ఉంటుందక్కా."

"ఎన్నాళ్ళుంటావు తమ్ముడి దగ్గర?"

చుక్కలమ్మ సంచి మూతికి తాడు చుట్టి ముడి వేసింది. ఆ ముడి నచ్చక విప్పి మళ్ళీ వేసింది.

"నిన్న నేనన్న మాట మనసులో పెట్టుకున్నావా?"

"నలుగురి ముందు అన్న మాట. మనసులో కాక ఎక్కడ పెట్టుకోనక్కా? సంచిలో పట్టదుగా."

నవ్వుతూనే అంది. పేపరమ్మ గడప మీది చక్కెర నీళ్ళను పాదంతో తుడిచింది.

నిన్న సాయంత్రం పాలావిడ తన చచ్చిన కోళ్ళు నాలుగింటిని తట్టలో వేసుకొచ్చి వీళ్ళ గడప ముందు దించింది. "చూసుకో, ఇవీ నీ చుక్కలు చేసిన నిర్వాకం! నలభై రోజులు కాలేదు వేసి," అని గట్టిగా అరిచింది. వీధంతా పోగయింది. పోస్టుమాన్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన వచ్చాడు. ఆయన పుంజు కూడా ఆ ఉదయమే పోయింది. "ఐసు కరిగిపోయుంటుంది," అని ఒకరు, "ఎక్కడో కబుర్లేసుకుని కూర్చునుంటుంది," అని ఒకరు. చివరికి అందరూ పేపరమ్మ వైపు చూశారు. చదివిన మనిషి కదా, ఏమంటుందోనని. అప్పుడే ఆమె తన ఎర్రపెట్టను గోతిలో వేసి సున్నం చల్లి వచ్చింది. ఏడేళ్ళు చేతిలో గింజలు తిన్న పెట్ట. ఆ కడుపుమంటలో, సున్నం అంటిన చేతులు అలాగే పట్టుకుని, "నేను మొత్తుకుంటూనే ఉన్నాను, మూత సరిగ్గా పెట్టవే, బస్సులో కనబడ్డవాళ్ళందరితో ముచ్చట్లు పెట్టుకోకే అని. వింటేగా!" అనేసింది.

అలా ఆమె ఎన్నడూ మొత్తుకోలేదు. చుక్కలమ్మ ఆమె మొహంలోకి ఒకసారి చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. పొయ్యి మీద ఏదో మరిచిపోయి ఇప్పుడు గుర్తొచ్చినట్టు చూసింది. తరువాత వీధి వైపు తిరిగి, "అవును. మూత వదులైంది. తప్పు నాదే," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు సంచి భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చింది. వంటింటి గోడ పక్కన గంపలో గోరింక అనే పెట్ట ఉంది. చిన్నగా, గోధుమరంగులో, కళ్ళ చుట్టూ పసుపు గీతతో ఉంటుందని దానికి ఆ పేరు. నిన్నటి నుంచి దాని మెడ వెనక్కి తిరిగిపోతోంది. చుక్కలమ్మ గొంతుక్కూర్చుని, రెండు వేళ్ళతో దాని తలను మెల్లగా ముందుకు తిప్పి, కాసేపు అలాగే పట్టుకుంది. వదలగానే మెడ మళ్ళీ మెలితిరిగింది. ముక్కు వీపు మీదికి వచ్చి, కన్ను ఆకాశంలోకి చూసింది.

"తాగించేటప్పుడు తల వదలకక్కా. వదిలితే ముక్కులోకి పోతుంది. గింజలు నానబెట్టి, ఒక్కోటే పెట్టు. తిననని మొరాయిస్తుంది, నువ్వు విసుక్కోకు."

"నేనెందుకు విసుక్కుంటాను!"

"విసుక్కుంటావు," అంది చుక్కలమ్మ లేస్తూ.

ఏడున్నర బస్సు హారను వినబడింది. ఆవిడ గబగబా నడిచి వెళ్ళింది. మలుపు దగ్గర తిరిగి చూస్తుందనుకుని పేపరమ్మ గేటు పట్టుకుని నిలబడింది. సంచి మీది పుంజు తోక మాత్రం కాసేపు కనబడింది.

లోపలికి వచ్చి చూస్తే గోడ గూట్లో ఫ్లాస్కు ఉంది. శుభ్రంగా కడిగి బోర్లించి, మూత విడిగా ఆరబెట్టి ఉంది. పేపరమ్మకు ప్రాణం కుదుటపడింది. ఫ్లాస్కు వదిలి వెళ్ళిందంటే వస్తుంది. అది లేకుండా ఆవిడ ఎక్కడుంటుంది?

*

కోడికి మందు పట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు రెక్కలు మూసి ఒళ్ళో పట్టుకోవాలి, ఒకరు ముక్కు తెరిచి పొయ్యాలి. ఇన్నేళ్ళూ పట్టుకునేది చుక్కలమ్మ, పోసేది పేపరమ్మ. బుధవారం పొద్దున ఒక్కతే కూర్చుంటే రెండు చేతులూ చాలలేదు. పట్టుకుంటే ఫిల్లర్ జారుతుంది, ఫిల్లర్ తీస్తే రెక్క విదిలించుకుంటుంది. మూడు కోళ్ళకు పోసేసరికి మోచేతులదాకా గోళ్ళ గీతలు పడ్డాయి. చివరికి పాత దిండుగలేబు తెచ్చి, మూల కత్తిరించి, కోడిని అందులో దూర్చి, ఆ రంధ్రంలోంచి తల మాత్రం బయటికి తీసింది. అప్పుడు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పోయగలిగింది.

"చూశావా, నువ్వు లేకపోతే నాకు గడవదనుకున్నావు," అని పైకే అనేసింది. పెరట్లో ఎవరూ లేరు. గలేబులోని కోడి కన్ను మూసి తెరిచింది.

ఆరోగ్యంగా ఉన్నవి నాలుగింటిని అటు వైపు కట్టెల కొట్టంలో పెట్టింది. ముందు వాటి పని, చివర్న జబ్బువాటి పని. ఇటు చేసిన చేత్తో అటు పోకూడదు. ఇది చుక్కలమ్మ పెట్టిన నియమం. రెండిటి మధ్యా బ్లీచింగ్ పొడి కలిపిన బేసిన్. చెప్పులు కూడా అందులో ముంచాలి. పేపరమ్మ ముంచింది. రెండోసారీ ముంచింది. మూడోసారి ముంచిందో లేదో గుర్తులేక, మళ్ళీ వెనక్కి వెళ్ళి ముంచింది. చేతులు వాసన చూసుకుంది. చేతులకు మందు వాసనే గానీ జబ్బు వాసన ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు?

మధ్యాహ్నానికి రెండు పోయాయి. ఒకటి నీళ్ళ ముకుడు పక్కనే, కాళ్ళు ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ చాచి పడి ఉంది. ఇంకొకటి గూట్లో, గుడ్లు పెట్టే చోట. పొదుగుతున్నట్టే కూర్చుని ఉండడంతో మొదట తెలియలేదు. చెయ్యి పెడితే గడ్డిలాగా తేలిగ్గా లేచి వచ్చింది. దాని కింద ఒక గుడ్డు ఉంది, పెంకు లేకుండా, తోలుసంచిలా మెత్తగా. పేపరమ్మ దాన్ని కూడా గోతిలోనే వేసింది. సున్నం చల్లింది. మన్ను కప్పింది. కుక్కలు తవ్వకుండా మీద బండ పెట్టింది.

తరువాత గోరింక దగ్గర కూర్చుంది. ఒక్కో గింజా నోట్లో పెట్టాలి, మింగేదాకా గొంతు నిమరాలి. ఇరవై గింజలకు ముప్పావు గంట పట్టింది. పన్నెండో గింజ దగ్గర, "మింగవే మహాతల్లీ, నాకింకేం పని లేదనుకున్నావా!" అని కసిరింది. కసిరాక, "విసుక్కుంటావు" అన్న మాట చెవిలో పడ్డట్టయి గేటు వైపు చూసింది.

గంపలోంచి దింపితే గోరింక నడిచింది. ముందుకు కాదు. మెడ వెనక్కి పెట్టుకుని, చూపు వెనకే ఉంచుకుని, గుండ్రంగా తిరిగింది. తిరిగిన చోటే తిరిగింది. బస్సు కదిలాక కూడా కిటికీలోంచి వెనక్కే చూస్తూ కూర్చునే మనుషులుంటారు. అలా ఉంది. పేపరమ్మ చూడలేక దాన్ని ఎత్తి గంపలో పెట్టి, మీద గుడ్డ కప్పింది. గుడ్డ కింద కూడా అది కదులుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది, ఒకే వైపుకి, ఒకే వైపుకి.

*

గురువారం పదింటికి పశువుల ఆసుపత్రి కాంపౌండరు మోటారు సైకిలు మీద వచ్చాడు. ఎవరూ పిలవలేదు. పేపరమ్మ హడావుడిగా బేసిన్ తెచ్చి ఆయన బూట్ల ముందు పెట్టింది.

"అబ్బో, మా ఆసుపత్రిలోనే లేదు ఈ మర్యాద," అని నవ్వి బూట్లు ముంచాడు. "చచ్చినవి ఏమైనా ఉన్నాయా, పూడ్చేశారా?"

పొద్దున పోయిన నల్లపెట్ట ఇంకా గోనె కింద ఉంది. ఆయన దాన్ని బట్టల బండ మీద వెల్లకిలా పెట్టి, చిన్న కత్తితో పొట్ట దగ్గర కోశాడు. లోపలినుంచి వేలెడంత సంచి బయటికి లాగి, నిలువునా చీల్చి, నీళ్ళతో కడిగి చూపించాడు. తెల్లటి పొర మీద గుండుసూది మొనలంత ఎర్రటి మచ్చలు.

"కొక్కెర తెగులే. అనుమానం లేదు. మీ చుక్కలమ్మ సరిగ్గానే చెప్పింది."

"ఎప్పుడు చెప్పింది?"

"మంగళవారం. ఊరెళ్తూ మధ్యలో దిగి మా దగ్గరికి వచ్చింది. నేను లేకపోతే ఒళ్ళో సంచి పెట్టుకుని రెండు గంటలు బెంచీ మీద కూర్చుందట. ఇంకో బస్సు కూడా పోగొట్టుకుంది. 'తప్పు నాదే సార్, సీసా వెచ్చబడిపోయింది. మిగిలిన కోళ్ళనైనా వెళ్ళి చూడండి, మా అక్క ఒక్కతే ఉంది, కంగారు మనిషి' అని చెప్పి వెళ్ళింది."

పేపరమ్మ చెంబుతో ఆయన చేతుల మీద నీళ్ళు పోస్తోంది. ధార ఆగింది.

"పొయ్యండమ్మా. నాకు అర్థంకానిదేంటంటే, ఆ రోజు ఐసు పెట్టింది నేనే. మూత బిగించిందీ నేనే. ఆ ఐసు సాయంత్రం దాకా కరగదు. ఆ మాటే అడిగాను. 'వెచ్చబడిందంతే సార్' అంది. ఇంకో మాట లేదు. ఎన్నేళ్ళ నుంచో తీసుకెళ్తోంది, ఆమెకు తెలియదా? అది ప్రాణమున్న మందు. చల్లగా ఉన్నంతసేపే బతికుంటుంది. ఎండ తగిలినా, వేన్నీళ్ళు తగిలినా చచ్చి ఊరుకుంటుంది. తరువాత ఆ చుక్క వేసినా ఒకటే, మంచినీళ్ళ చుక్క వేసినా ఒకటే."

"వేన్నీళ్ళంటే... కాగిన నీళ్ళా?"

"గోరువెచ్చనివి చాలు. పావుగంట ఉంచితే చాలు."

ఆయన ఇంకా ఏవో చెప్పాడు. మిగిలినవాటిని ఎలా ఉంచాలో, గూడు ఎన్నాళ్ళు ఖాళీగా పెట్టాలో. పేపరమ్మ తల ఊపుతూనే ఉంది. ఆయన మోటారు సైకిలు మలుపు తిరిగిన తరువాత కూడా చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది.

టీకా తెచ్చిన ఆ రోజు చుక్కలమ్మ బస్సు దిగి వచ్చి, ఫ్లాస్కు వంటింట్లో పెట్టి, దుమ్ముగా ఉందని స్నానానికి వెళ్ళింది. పేపరమ్మ మూత తీసి చూసింది. రెండు సీసాలు, ఒకదాన్లో పొడి, ఒకదాన్లో నీళ్ళు. నీళ్ళ సీసా ముట్టుకుంటే వేలు జివ్వుమంది. ఆ వారమే గుడ్డు పగిలి వచ్చిన తొమ్మిది పిల్లలు పక్కనే గంపలో ఉన్నాయి, ఉండల్లాగా. ఇంత చల్లటిది వాటి కళ్ళల్లో వేస్తే ప్రాణం గిలగిల్లాడదూ? పసిపిల్లల చెవిలో నూనె వేసినా గోరువెచ్చగా చేసే కదా వేస్తాం! చల్లగా ఉంచాలని మందుతో వచ్చిన కాగితంలో ఉన్న మాట నిజమే, తనే చదివింది. ఉంచడం వేరు, వెయ్యడం వేరు. ఇలా అనుకుని, చెవి విరిగిన కప్పులో వేన్నీళ్ళు పోసి, రెండు సీసాలూ అందులో నిలబెట్టింది. స్నానాల గది గొళ్ళెం చప్పుడు కాగానే తీసి తుడిచి పెట్టింది.

చుక్కలమ్మ వచ్చి సీసా పట్టుకోగానే ఆగింది. "ఏంటక్కా, వెచ్చగా ఉంది?"

"నీ చేతులే చల్లగా ఉన్నాయి, స్నానం చేసొచ్చావుగా. ఇప్పుడే తీశాను ఫ్లాస్కులోంచి," అంది పేపరమ్మ.

ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ప్రతిదాన్లోనూ వేలు పెడతావని చుక్కలమ్మ అంతకు ముందురోజే విసుక్కుంది. ఇంకోసారి అనిపించుకోవడం ఇష్టంలేక అంది. అంతే. అంత చిన్న అబద్ధం. చుక్కలమ్మ నమ్మింది. పొడిలో నీళ్ళు కలిపి, ముందు ఈ ఇంటి కోళ్ళకూ, తరువాత పాలావిడ ఇంటికీ, పోస్టుమాన్ ఇంటికీ, ఆ చివరిదాకా వెళ్ళి వేసి వచ్చింది.

ఆ తొమ్మిది పిల్లలే అన్నిటికన్నా ముందు పోయాయి.

పేపరమ్మ లోపలికి వెళ్ళి మంచం కింది రేకు పెట్టె లాగింది. చదివిన కాగితం ఏదీ ఆమె పారెయ్యదు. సీసా అట్టపెట్టెలో వచ్చిన కాగితాన్ని వెతికి తీసి, కిటికీ దగ్గర కళ్ళజోడు పెట్టుకుని మడత విప్పింది. మొదటి వైపు తెలుసు. రెండో వైపు అక్షరాలు చీమల్లాగా ఉంటే, ఆ రోజు సగంలో వదిలేసింది. ఇప్పుడు వేలు పెట్టి ఒక్కో అక్షరమూ చదివింది. "ఏ దశలోనూ వేడి తగలనీయరాదు. కలిపిన మందును సైతం ఐసుపైనే ఉంచవలెను." రెండుసార్లు చదివింది. మూడోసారి పైకి చదివింది, ఇంట్లో ఇంకెవరో వినవలసినవాళ్ళు ఉన్నట్టు.

పొయ్యి పక్క అలమరలో కప్పు లేదు. వెతికితే ఎక్కడో పైన, పాత్రల వెనక దొరికింది. ఎవరి కంటా పడకుండా దాన్ని అక్కడ దాచింది తను కాదు. మొదటి కోడి మెడ తిప్పిన రోజునే చుక్కలమ్మకు సీసా వెచ్చదనం గుర్తొచ్చి ఉంటుంది. గుర్తొచ్చాక, ఆ రోజు ఫ్లాస్కు పక్కన వేన్నీళ్ళతో ఉన్న కప్పూ మెదిలి ఉంటుంది. పదిరోజులుగా తెలుసు. తెలిసే, నలుగురిలో తన మొహంలోకి ఒక్కసారి చూసి, "మూత వదులైంది" అంది.

పేపరమ్మ కప్పు పట్టుకుని నేల మీద కూర్చుంది. పెరట్లో గోరింక తిరుగుతున్న చప్పుడు.

*

శుక్రవారం వీధి కుళాయికి నీళ్ళు వచ్చే వేళకు ఆమె బిందె తీసుకోకుండా వెళ్ళింది. ఒక చేతిలో కప్పు, ఒక చేతిలో కాగితం. వరసలో పాలావిడ ముందుంది. పోస్టుమాన్ పెద్దాయన బక్కెట్ పట్టుకుని వెనకున్నాడు. ఇంకో నలుగురైదుగురు ఉన్నారు.

"మీకందరికీ ఒక మాట చెప్పాలి," అంది. "మన కోళ్ళు పోవడం చుక్కలమ్మ తప్పు కాదు. మూత వదులవ్వలేదు. ఐసు కరగలేదు. ఆమె స్నానానికి వెళ్తే నేనే సీసాలు తీసి ఈ కప్పులో వేన్నీళ్ళు పోసి పెట్టాను. పిల్లల కళ్ళకు చలి వేస్తుందని పెట్టాను. అడిగితే అబద్ధం చెప్పాను. మందు నా చేతుల్లోనే చచ్చింది."

కుళాయి నీళ్ళు బిందెలో పడుతున్నాయి. పాలావిడ తిడుతుందని, కప్పు లాక్కుని పగలగొడుతుందని పేపరమ్మ అనుకుంది. ఆ క్షణంలో ఆమెకు అదే కావాలి.

పాలావిడ బిందె పక్కకు జరిపి, తడిచెయ్యి పేపరమ్మ భుజం మీద వేసింది. "పోనీలే పేపరమ్మా. తోటికోడలి మీద ఎంత అభిమానం లేకపోతే నెత్తినేసుకుంటావు! నేనూ ఆ రోజు నోటికొచ్చినట్టు అరిచాను. ఎంతైనా నీది పెద్ద మనసు."

"మనసు కాదే! నిజం. ఇదిగో కప్పు. ఇదిగో కాగితం, ఇందులో రాసి ఉంది చూడు."

"రాసుంది కదా, అదే నేననేదీ," అన్నాడు పోస్టుమాన్. "చదివినవారు మీరు. వేడి తగలకూడదని రాసి ఉంటే మీరు పెడతారా? అక్షరం రాని మనిషి చేసిందంటే నమ్ముతాం. మీ చేతి మీదుగా ఇలాంటి పని జరుగుతుందా?"

"రెండో వైపు చదవలేదు నేను!"

"మీరు చదవని కాగితం ఉంటుందా మన వీధిలో," అని ఎవరో అంటే ఇద్దరు నవ్వారు. ఎగతాళిగా కాదు, ప్రేమగానే నవ్వారు. "అయినా ఆవిడే ఒప్పుకుందిగా అందరి ముందూ," అంది వెనకనుంచి ఒకామె. "తప్పు లేకపోతే ఎవరైనా ఊరొదిలి పోతారా?"

పేపరమ్మ నోరు తెరిచింది. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబుంది. "నేనన్న మాటకే పోయింది," అని చెప్పింది కూడా. కానీ అప్పటికి కుళాయి సన్నగిల్లింది. తరువాతి బిందె ఎవరిదని మాటామాటా వచ్చింది. పాలావిడ ఆమె ఖాళీ చేతులు చూసి, "బిందె కూడా మర్చిపోయి వచ్చావు, పాపం, ఒక్కదానివే అయిపోయావు," అంటూ తన బిందెడు నీళ్ళు తెచ్చి పేపరమ్మ ఇంటి గడప ముందు దించి వెళ్ళింది. నాలుగు రోజుల కిందట చచ్చిన కోళ్ళ తట్ట దించిన చోటే దించింది.

*

శనివారం పొద్దున ధైర్యం చేసి తమ్ముడింటికి ఫోను చేసింది. చాలాసేపు మోగాక తమ్ముడు తీసి, "అక్కా, నీకే," అని పిలిచాడు. అవతల చెప్పుల చప్పుడు వినబడింది. మోకాలు పట్టేసి ఆవిడ నడిచే నడక పేపరమ్మకు తెలుసు.

"గోరింక ఉందా?" అని అడిగింది చుక్కలమ్మ.

"ఉంది. నిన్న ముప్పై గింజలు తింది. మొత్తం ఆరు మిగిలాయి. కొట్టంలోవి నాలుగూ బాగానే ఉన్నాయి."

"చెప్పులు ముంచుతున్నావా?"

"ముంచుతున్నాను. ఒసే, కప్పు దొరికింది."

తమ్ముడింట్లో ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు.

"అందరికీ చెప్పాను. కుళాయి దగ్గర నిలబడి చెప్పాను. ఒక్కరూ నమ్మలేదే."

"నమ్మరులే," అంది చుక్కలమ్మ. కాస్త నవ్వినట్టుంది. "ఎందుకు చెప్పావు మరి?"

"నువ్వెందుకు చెప్పలేదు? నీకు తెలుసుగా. నేనే చేశానని ఆ రోజే అనొచ్చుగా?"

"అంటే తట్ట నీ ముందు దించేవాళ్ళు. నాకు పోవడానికి తమ్ముడిల్లుందక్కా. నిన్ను వెళ్ళమంటే నువ్వెక్కడికి పోతావు?"

పేపరమ్మ ఫోను ఇటు చెవి నుంచి అటు చెవికి మార్చుకుంది.

"అయితే కోపం లేదా నీకు?"

"ఉంది," అంది చుక్కలమ్మ. "చుక్కలు తప్పయినందుకు కాదు. అది నువ్వు తెలియక చేశావు. నలుగురిలో ఆ మాట మాత్రం తెలిసే అన్నావు. నువ్వెప్పుడూ మొత్తుకోలేదక్కా, మూత గురించి."

"లేదు. మొత్తుకోలేదు."

"అదే."

"వచ్చెయ్యవే. ఆదివారం బస్సుకి వచ్చెయ్యి. నేను స్టాపు దగ్గరుంటాను."

"చూద్దాంలే. ఈ మోకాలు తగ్గనీ. గోరింకని వదలకు, అది నీ చెయ్యి మరిగుంటుంది ఇప్పటికి. మనిషి మారితే తినదు."

ఆదివారం పేపరమ్మ స్టాపు దగ్గర కూర్చుంది. మూడు బస్సులు వచ్చాయి. ప్రతి బస్సులోంచీ దిగినవాళ్ళ చేతుల్లో సంచుల వైపే చూసింది. మూడో బస్సు వెళ్ళాక గోరింకకు నీళ్ళ వేళ అయిందని లేచింది.

గోరింక చావలేదు. మెడ కూడా పూర్తిగా తిరిగి రాలేదు. ముందుకు నడుస్తూ వెనక్కి చూసేది. చేత్తో పెడితేనే తినేది, పేపరమ్మ చెయ్యయితేనే తినేది. తమ్ముడింటికి తనే వెళ్దామని పేపరమ్మ రెండుసార్లు సంచి సర్దుకుంది. గంప వైపు చూసి రెండుసార్లూ విప్పేసింది. ఇంకో వారం ఆగితే దానంతట అదే తింటుందనుకుంది.

కోళ్ళ గూడుకు సున్నం కొట్టి ఖాళీగా పెట్టిన రోజులు పూర్తయ్యాక వీధివాళ్ళు కొత్త పిల్లలను తెచ్చుకున్నారు. చుక్కలు ఎవరు తెస్తారని మాట వచ్చింది. ఎవరూ అడగకుండానే పేపరమ్మ గోడ గూట్లోంచి ఫ్లాస్కు తీసుకుని మొదటి బస్సెక్కింది. కాంపౌండరు ఐసు పెట్టి మూత బిగించాడు. ఆమె ఇంకోసారి బిగించింది. దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని, పక్కవాళ్ళు పలకరించినా తల ఊపి ఊరుకుంది. ఐసు మీదే సీసా ఉంచి, ఇంటింటికీ తిరిగి, ఒక్కో పిల్లనూ పట్టుకుని కంట్లో చుక్క వేసింది. చుక్క పడగానే ప్రతి పిల్లా ఒళ్ళు జలదరించి కళ్ళు గట్టిగా మూసుకుంది. ప్రతిసారీ ఆమె కూడా మూసుకుంది. ఆ ఏడాది తిరిగేసరికి వీధిలో ఆమెను పేపరమ్మ అనేవాళ్ళు తగ్గిపోయారు. చుక్కలమ్మా అని పిలిచేవారు. మొదట్లో ఆ పిలుపు వినగానే ఆమె వెనక్కి తిరిగి చూసేది, ఎవరైనా వచ్చారేమోనని.

చిన్న తోటికోడలు ఆ ఇంటికి మళ్ళీ రాలేదు. వెళ్ళింది మంగళవారం, ఏడున్నర బస్సుకు. మరుసటి ఏడు చలికాలంలో ఒక గురువారం పొద్దున తమ్ముడింట్లో పోయింది.